సేనాధిపతి ఇంటి కథ

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశానికి రాజధాని బ్యూనస్ ఎయిర్స్. ఆ నగరపు కథెడ్రల్ దేవాలయం మనలో చాలామందికి పేరుతో పరిచయమే. పోపు ఫ్రాన్సిస్ గారు జగద్గురువులు కాకముందు, 1998 నుండి 2013 వరకు, అగ్రపీఠాధిపతులుగా దివ్యబలిపూజ సమర్పించిన ఆలయమది. ఆ ఆలయంలో శాంతిమాత పేరిట ఉన్న ఒక ప్రక్క గుడిలో పెద్ద పాలరాతి సమాధి ఉంది. సైనికులు దానికి కాపలా కాస్తారు. అర్జెంటీనా, చిలీ, పెరూ దేశాలకు స్పెయిన్ పాలన నుండి విముక్తి సంపాదించిన సేనాధిపతి హోసే ద సాన్ మార్టిన్ అక్కడ విశ్రమిస్తున్నారు.

ఆయన భార్య రెమెదియోస్ సమాధి అక్కడ లేదు. అదే నగరంలో రెకొలేటా అనే మరొక శ్మశానవాటికలో ఉంది. వారి ఒక్కగానొక్క కూతురు మెర్సెదెస్ సమాధి వెయ్యి కిలోమీటర్ల దూరాన, ఆండీస్ పర్వతాల పాదాల దగ్గరున్న మెండోజా పట్టణంలో, ఫ్రాన్సిస్కన్ సభ వారి దేవాలయంలో ఉంది. భర్త ఒక చోట, భార్య ఒక చోట, బిడ్డ ఒక చోట. బ్రతికినన్నాళ్ళు కూడా వారిది ఇంచుమించు ఇదే పరిస్థితి. ఈ వారం మీకు చెప్పదలచింది ఆ ఇంటి కథ. సాన్ మార్టిన్ పునీతుల జాబితాలో ఉన్నవారు కారు. మనలాంటి సంసారి. అందుకే ఆయన జీవితాన్ని మన కుటుంబాల ముందు పెడుతున్నాను.

ఆయన 1778 ఫిబ్రవరి 25న యపెయూ అనే ఊరిలో జన్మించారు. ఆ ఊరు గ్వారానీ గిరిజనుల మధ్య యేసు సభ గురువులు స్థాపించిన మిషను. 1767లో స్పెయిన్ రాజు యేసు సభ గురువులందరినీ తన రాజ్యాల నుండి వెళ్ళగొట్టాడు. గొర్రెల కాపరులు పోయిన ఆ ఊరిని పాలించడానికి వచ్చిన స్పానిష్ సైనికాధికారి ఈయన తండ్రి. పిల్లవాడికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే కుటుంబం స్పెయిన్‌కు తరలిపోయింది. పదకొండేళ్ళకు, 1789లో, అతడు సైన్యంలో చేరాడు. ఇరవై రెండేళ్ళు స్పెయిన్ రాజుకు సేవ చేశాడు. నెపోలియన్ సేనలను 1808లో బైలెన్ వద్ద ఓడించిన యుద్ధంలో పాల్గొని పతకం కూడా పొందాడు.

ఇంతలో పుట్టిన గడ్డపై గాలి మారింది. నెపోలియన్ స్పెయిన్ రాజును బందీ చేయడంతో, రాజు లేని రాజ్యానికి మేమెందుకు లోబడాలని అమెరికాలోని వలసప్రజలు ప్రశ్నించారు. 1810 మే 25న బ్యూనస్ ఎయిర్స్ ప్రజలు సొంత ప్రభుత్వం ఏర్పరచుకొన్నారు. ఆ వార్త విన్న సాన్ మార్టిన్ స్పెయిన్ కొలువు వదులుకొని, లండన్ మీదుగా, 1812 మార్చిలో బ్యూనస్ ఎయిర్స్ రేవులో దిగారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు. ఆ దేశంలో తెలిసినవారు తక్కువ. మాట తీరు సైతం స్పెయిన్‌వారిదే. వేగులవాడేమోనని అనుమానించినవారు కూడా ఉన్నారు.

అదే సంవత్సరం సెప్టెంబరు 12న ఆయన రెమెదియోస్ ద ఎస్కలాదాను వివాహమాడారు. ఆమె నగరంలో పేరున్న సంపన్నుల ఇంటి ఆడపడుచు. పెళ్ళినాటికి ఆమెకు పదిహేనేళ్ళు కూడా నిండలేదు. ఆనాటి సమాజంలో అది సాధారణమే గాని, ఈనాడు మనం దానిని మెచ్చుకోలేము. ఆడుకొనే వయసులో ఆమె ఒక సైనికుడి ఇల్లాలయింది. ఆ సైనికుడికి గుర్రం మీద ఉన్న రోజులే ఎక్కువ.

వారు నిజంగా కాపురం చేసింది మెండోజాలో. 1814లో ఆయన ఆ ప్రాంతానికి గవర్నరుగా వెళ్ళారు. కొన్నాళ్ళకు ఆమె కూడా వెళ్ళింది. ఆయన మనసులో ఒక పెద్ద ఆలోచన ఉంది. స్పెయిన్ బలమంతా పెరూలోని లిమా నగరంలో ఉంది. ఉత్తరాన కొండదారుల్లో ఎంత పోరాడినా ఆ బలం విరగదు. కాబట్టి ఆండీస్ పర్వతాలు దాటి చిలీకి విముక్తి కలిగించి, అక్కడి నుండి సముద్రం మీద లిమాకు వెళ్ళాలి. ఇందుకు సైన్యం కావాలి, ఫిరంగులు కావాలి, డబ్బు కావాలి. మెండోజా ప్రజలు ఉన్నదంతా ఇచ్చారు. లూయిస్ బెల్ట్రాన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి కొలిమి పెట్టి, దేవాలయాల గంటలు సైతం కరిగించి ఫిరంగులు పోత పోయించాడు. రెమెదియోస్ తోటి స్త్రీలతో కూర్చొని సైన్యానికి జెండా కుట్టింది. 1817 జనవరి 5న ఆ జెండా మీద సైన్యం ప్రమాణం చేసింది. కార్మెల్ మాతను ఆ సైన్యానికి పాలకురాలిగా ప్రకటించారు. సేనాధిపతి తన అధికార దండాన్ని మరియమాత చేతికి అర్పించారు.

అంతకు కొద్ది నెలల ముందు, 1816 ఆగస్టు 24న, వారికి మెర్సెదెస్ పుట్టింది. బిడ్డ ఇంకా నెలల పాపగా ఉండగానే తండ్రి పర్వతాలెక్కారు.

ఆ ప్రయాణం ప్రపంచ చరిత్రలో నిలిచిపోయింది. సుమారు 5,000 మంది సైనికులు, వేలాది కంచర గాడిదలు, నాలుగు వేల మీటర్లకు పైబడిన కనుమలు, ఊపిరాడని చలి. గుర్రాల్లో, కంచర గాడిదల్లో సగానికి పైగా దారిలోనే చచ్చిపోయాయి. 1817 ఫిబ్రవరి 12న చకబూకో వద్ద, 1818 ఏప్రిల్ 5న మైపూ వద్ద సాన్ మార్టిన్ గెలిచారు. చిలీకి విముక్తి లభించింది. సాంటియాగో నగర పాలకులు ఆయనకు 10,000 పెసోలు బహూకరిస్తే, ఆ సొమ్ముతో గ్రంథాలయం పెట్టండని తిరిగి ఇచ్చేశారు. అదే 1817లో ఆయన పుట్టిన యపెయూను పోర్చుగీసు సేనలు తగులబెట్టాయి. ఇతరుల ఊళ్ళకు విముక్తి తెస్తున్నవాడికి తిరిగి వెళ్ళడానికి సొంత ఊరంటూ మిగల్లేదు.

ఇక ఇంటి సంగతి. రెమెదియోస్‌కు క్షయ సోకింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. 1819లో ఆమె చంటిబిడ్డను తీసుకొని మెండోజా నుండి పుట్టింటికి బయలుదేరింది. బండి మీద వెయ్యి కిలోమీటర్లు, అదీ అంతర్యుద్ధం రగులుతున్న మైదానాల గుండా. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం ఆ ఏడాదితో ఆఖరు.

ఇక్కడ మనం ఒక విషయం అర్థం చేసుకోవాలి. స్పెయిన్‌తో యుద్ధం ముగియకముందే అర్జెంటీనా వారిలో వారికి యుద్ధం మొదలైంది. అధికారమంతా రాజధానిలో ఉండాలని కొందరు, రాష్ట్రాలకు స్వేచ్ఛ కావాలని మరికొందరు కత్తులు దూశారు. ఆండీస్ సైన్యాన్ని వెనక్కు తెచ్చి మా శత్రువులను అణచివేయమని బ్యూనస్ ఎయిర్స్ పాలకులు సాన్ మార్టిన్‌ను ఆదేశించారు. ఆయన ఆ ఆదేశాన్ని పాటించలేదు. సోదరుల రక్తం కోసం ఈ సైన్యాన్ని కూడగట్టలేదని ఆయన నిశ్చయం. 1820 ఆగస్టు 20న చిలీ రేవు వాల్పరైసో నుండి పెరూకు ఓడలెక్కారు. 1821 జూలై 28న లిమాలో స్వాతంత్ర్యం ప్రకటించారు. పెరూ పాలన ఆయన చేతికి వచ్చింది. కాని స్పానిష్ సైన్యం కొండల్లో ఇంకా బలంగానే ఉంది. 1822 జూలైలో ఆయన గుయాకిల్ రేవులో, ఉత్తరాది విమోచకుడు సైమన్ బొలివార్‌ను కలుసుకొన్నారు. రెండు రోజులు ఇద్దరూ ఏకాంతంగా మాట్లాడుకొన్నారు. ఒకే యుద్ధానికి ఇద్దరు నాయకులు ఉండజాలరని సాన్ మార్టిన్ గ్రహించారు. సెప్టెంబరు 20న పెరూ ప్రజాప్రతినిధుల సభ ముందు పదవి వదిలేసి, ఆ రాత్రే ఓడ ఎక్కారు. మిగిలిన విజయం, దాని కీర్తి బొలివార్‌కు వదిలిపెట్టారు.

1823 తొలి నెలల్లో ఆయన మెండోజా చేరుకొన్నారు. ఒళ్ళంతా రోగాలు. భార్య బ్యూనస్ ఎయిర్స్‌లో మరణశయ్య మీద ఉంది. ఆయన వెళ్ళలేదు. తమ మాట వినలేదన్న కోపం రాజధాని పాలకులకు ఇంకా తీరలేదు. ఆయన మీద నిఘా ఉంది. వస్తే విచారణకు నిలబెడతారన్న భయం మిత్రులకుంది. కారణాలు ఎన్ని ఉన్నా, 1823 ఆగస్టు 3న రెమెదియోస్ భర్తను చూడకుండానే కన్నుమూసింది. ఆమెకు 25 ఏళ్ళు. పెళ్ళయి పదకొండేళ్ళు కావస్తుండగా, కలిసి ఉన్నది అందులో సగం కూడా లేదు.

పాఠకులారా, ఆయన వెళ్ళవలసిందేనా అని చరిత్రకారులు ఈనాటికీ వాదించుకొంటారు. నేను తీర్పు చెప్పను. అయితే దివ్యబలిపూజ ప్రారంభంలో మనం చేసిన పాపాలతోబాటు, చేయవలసి ఉండి చేయక విడిచినవాటిని కూడా ఒప్పుకొంటాము. మంచి పనిలో మునిగి ఉన్న మనిషికి కూడా అటువంటిది ఒకటి మిగిలిపోవచ్చు. దేశానికి ఆయన ఇచ్చిన ప్రతి నెలా రెమెదియోస్ నుండి తీసుకొన్నదే. ఆ అప్పు తీర్చే దారి ఆమె మరణంతో మూసుకుపోయింది.

డిసెంబరులో ఆయన బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళి, భార్య సమాధిపై ఒక రాయి వేయించారు. ఆమె సేనాధిపతి సాన్ మార్టిన్‌కు భార్య అనీ, స్నేహితురాలు అనీ దాని మీద చెక్కించారు. భార్య అన్నది అందరూ వ్రాసేదే. స్నేహితురాలు అని వ్రాయించడం ఆ రోజుల్లో అరుదు. సంజాయిషీ ఏదీ ఆ రాతిమీద లేదు.

ఇప్పుడు ఆయన ముందున్నది ఏడేళ్ళ మెర్సెదెస్. అమ్మమ్మ గారాబంలో పెరిగిన పిల్ల. ఆమెకు తండ్రి అంటే దాదాపు కొత్తమనిషి. 1824 ఫిబ్రవరి 10న ఆయన ఆ పిల్ల చేయి పట్టుకొని ఫ్రాన్సు వెళ్ళే ఓడ ఎక్కారు. బిడ్డ చదువు పూర్తయ్యాక, దేశం శాంతించాక తిరిగి రావాలని ఆయన కోరిక. ఫ్రాన్సు ఆయనను ఉండనివ్వలేదు. రాజులను ఎదిరించినవాడంటే అక్కడి ప్రభుత్వానికి భయం. ఇంగ్లండు వెళ్ళారు. తరువాత ఖర్చు తక్కువని బ్రస్సెల్స్‌లో కాపురం పెట్టారు. పెరూ ప్రభుత్వం ఇస్తానన్న పింఛను సక్రమంగా అందేది కాదు. ఒకప్పుడు సైన్యానికి తిండి, బట్ట, మందుగుండు లెక్కవేసిన మనిషి ఇప్పుడు పిల్ల బడి జీతం లెక్క వేసుకోసాగారు.

1825లో ఆయన కూతురి పెంపకం కోసం కొన్ని నియమాలు కాగితం మీద వ్రాసుకొన్నారు. యుద్ధాలు గెలిచినవాడి కాగితమది అంటే నమ్మశక్యం కాదు. పురుగును సైతం కనికరించే మెత్తని మనసు బిడ్డకు కలగాలి. అబద్ధాన్ని అసహ్యించుకోవాలి. తండ్రి దగ్గర చనువు ఉండాలి, గౌరవమూ ఉండాలి. పేదలకు దానం చేయాలి. ఇతరుల సొత్తు ముట్టరాదు. రహస్యం కాపాడాలి. పరమతస్థులను చిన్నచూపు చూడరాదు. పనివారితో, ముసలివారితో తీయగా మాట్లాడాలి. తక్కువ మాట్లాడాలి, సూటిగా మాట్లాడాలి. శుభ్రంగా ఉండాలి, ఆడంబరం వద్దు. ఇందులో సంగీతం, నాట్యం, పెద్దింటి సంబంధం ఊసే లేదు. ఆ చిన్న పిల్లను ఆయన మనిషిగా తీర్చిదిద్దదలచారు.

ఐదేళ్ళ తరువాత ఇంటికి వెళ్ళాలని ఆయన మనసు లాగింది. కూతురిని బ్రస్సెల్స్‌లో చదువులో ఉంచి, తల్లి ఇంటిపేరుతో హోసే మతోరాస్ అని చెప్పుకొని ఓడ ఎక్కారు. 1829 ఫిబ్రవరిలో ఓడ బ్యూనస్ ఎయిర్స్ ముందు లంగరు వేసింది. అప్పటికే ఆయన చెవిన పడిన వార్త ఘోరమైనది. 1828 డిసెంబరు 13న, గవర్నరు దొర్రేగోను లవాయే అనే సేనాని విచారణ లేకుండా కాల్చి చంపించాడు. చంపినవాడు, చచ్చినవాడు ఇద్దరూ స్వాతంత్ర్య సమరంలో పోరాడినవారే. లవాయే ఒకప్పుడు సాన్ మార్టిన్ క్రింద పనిచేసినవాడు. అతడు రాయబారం పంపి, వచ్చి పాలన చేపట్టమని కోరాడు. ఓడ మీద నుండి నగరం కనబడుతూనే ఉంది. భార్య సమాధి అక్కడే ఉంది. దిగితే అధికారం చేతికొస్తుంది. కాని ఒక పక్షం వాడిగా దిగి రెండవ పక్షం వారిని చంపవలసి వస్తుంది. ఆయన ఒడ్డుకు దిగలేదు. మాంటెవిడియోలో కొంతకాలం ఉండి ఐరోపాకు మరలిపోయారు. పత్రికలు కొన్ని ఆయనను పిరికివాడన్నట్టు వ్రాశాయి. ఆయన జవాబు చెప్పలేదు. స్వదేశపు నేలను మళ్ళీ తొక్కనూ లేదు.

మన ఊళ్ళలో గట్టు తగాదాతో అన్నదమ్ములు కోర్టుకెక్కడం చూస్తూనే ఉన్నాము. నాదే న్యాయమని ఇద్దరూ అంటారు. న్యాయం ఉండి కూడా వెనక్కు తగ్గేవాడు ఊరివారికి చేతకానివాడుగా కనిపిస్తాడు. అటువంటివారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

1830 తరువాత ఫ్రాన్సులో ప్రభుత్వం మారి ఆయనకు అక్కడ చోటు దొరికింది. 1832లో పారిస్‌లో కలరా వ్యాపించి తండ్రీకూతుళ్ళిద్దరినీ మంచాన పడవేసింది. పాత సహచరుడి కుమారుడు మరియానో బల్కార్సె అనే యువకుడు వచ్చి ఇద్దరికీ సేవ చేశాడు. ఆ సేవలోనే మెర్సెదెస్‌కు వరుడు దొరికాడు. 1832 డిసెంబరు 13న వారి వివాహం జరిగింది. కొత్త దంపతులు బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళారు. 1833లో మొదటి మనుమరాలు అక్కడే పుట్టింది. తాతగారు ఫ్రాన్సులో ఒంటరిగా ఉండిపోయారు. స్పెయిన్ సైన్యంలో ఒకప్పుడు ఆయన సహచరుడైన అగ్వాదో అనే బ్యాంకరు ఆయనకు తోడు నిలిచాడు. అతని సహాయంతో 1834లో పారిస్ వెలుపల గ్రాన్‌బూర్ అనేచోట ఒక ఇల్లు అమిరింది. 1836లో కూతురు, అల్లుడు, పాప తిరిగి వచ్చారు. రెండవ మనుమరాలు హోసెఫా ఆ ఇంట్లోనే పుట్టింది. పూలమొక్కలు పెంచుతూ, వడ్రంగం పని చేసుకొంటూ ఆయన కాలం గడిపారు. ఏడుస్తున్న మనుమరాలికి బొమ్మకు కట్టుకోమని ఆయన బైలెన్ పతకం ఇచ్చేశారని ఆ కుటుంబంలో ఒక కథ చెప్పుకొనేవారు. రెమెదియోస్‌కు దొరకని భర్తను ఆమె కూతురు తండ్రిగా పొందింది, మనుమరాండ్రు తాతగా పొందారు.

1848లో పారిస్‌లో విప్లవం రేగగా కుటుంబం సముద్రపు ఒడ్డునున్న బులోన్ పట్టణానికి మారింది. ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి. చదవడానికి చూపు చాలక ఇంటివారు చదివి వినిపించేవారు. 1850 ఆగస్టు 17న, కూతురు, అల్లుడు ప్రక్కనుండగా, 72వ ఏట ఆయన తుదిశ్వాస విడిచారు. 1844లోనే వీలునామా వ్రాశారు. సర్వశక్తిగల దేవుని పేరట మొదలుపెట్టి, అంత్యక్రియల్లో ఎటువంటి ఆర్భాటం వద్దన్నారు. తన హృదయం మాత్రం బ్యూనస్ ఎయిర్స్‌లో ఉండాలని కోరారు. బులోన్‌లోని మరియమాత బసిలికా నేలమాళిగలో ఆయన భౌతికకాయాన్ని ఉంచారు. 1861లో కుటుంబం ఉన్న బ్రునోయ్‌కు మార్చారు. 1880 మే 28న, ఆయన మరణించిన ముప్పై ఏళ్ళకు, బ్యూనస్ ఎయిర్స్ ఆయనను రాజలాంఛనాలతో స్వీకరించి కథెడ్రల్‌లో ఉంచింది. బ్రతికుండగా దిగని రేవులో చనిపోయాక దిగారు.

మెర్సెదెస్ 1875లో ఫ్రాన్సులోనే మరణించింది. ఆమెను, ఆమె భర్తను, పెద్ద కుమార్తెను 1951లో మెండోజాకు తెచ్చారు. తండ్రి వ్రాసుకొన్న నియమాల ఫలం మూడవ తరంలో కూడా కనిపించింది. మనుమరాలు హోసెఫా బ్రునోయ్‌లో వృద్ధులకు ఆశ్రయం నడిపింది. మొదటి ప్రపంచ యుద్ధంలో దానిని గాయపడిన సైనికులకు ఆసుపత్రిగా మార్చింది. 1924 వరకు జీవించింది.

ప్రియ పాఠకులారా, దూరదేశంలో పనిచేస్తూ పిల్లల ఎదుగుదలను ఫోటోల్లో చూసుకొనే తండ్రులు మన విచారణల్లో ఉన్నారు. ఊరిలోనే ఉండి, సంఘం పనుల్లో, పార్టీ పనుల్లో, ఆఖరికి గుడి పనుల్లో కూడా మునిగి, ఇంట్లో ఎవరికెలా ఉందో ఎరగనివారూ ఉన్నారు. పోయిన రోజులు తిరిగి రావు. సాన్ మార్టిన్ కూడా వాటిని తేలేకపోయారు. కాని ఆ దుఃఖంతో కూలబడిపోకుండా, ఇంకా మిగిలి ఉన్న బిడ్డ వైపు తిరిగారు. దాదాపు తెలియని తండ్రిగా మొదలుపెట్టి, ఆమె ప్రక్కన ఉండగా కన్నుమూసే తండ్రి అయ్యారు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో రెమెదియోస్ వంటి ఇల్లాండ్రను కూడా తలచుకొందాము. ఎదురు చూసి చూసి వెళ్ళిపోయినవారు ప్రతి ఇంటి చరిత్రలో ఒకరైనా ఉంటారు. ఇంకా ఎదురు చూస్తున్నవారు ఉంటే మాత్రం, జపమాల ముగిశాక వెళ్ళి వారి ప్రక్కన కాసేపు కూర్చోండి.